అత్తగారిని కాదు, ఆమెను అడగండి
(ఆరోగ్య కార్యకర్తల శిక్షణలో చేసిన ప్రసంగం)



నిరోధ్, మాలా-ఎన్, కాపర్-టి, ఛాయ మాత్ర, అంతర ఇంజక్షన్ - వీటి సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నేను చెప్పదలచింది మాట్లాడే పద్ధతి గురించి. సూది వేయడం నేర్చుకున్నంత శ్రద్ధగా మనం మాట్లాడటం నేర్చుకోము.

రెండో కాన్పయి ఆరు నెలలైన తల్లి వచ్చిందనుకోండి. వెంట అత్తగారు. "మూడు నెలల సూది వేయండమ్మా" అంటుంది అత్త. కోడలు నోరు విప్పదు. "బి.పి. చూడాలి, మీరు కాసేపు బయట కూర్చోండి పెద్దమ్మా" అని ఆవిడను మర్యాదగా పంపండి. తలుపు దగ్గరగా వేసి, "నీకేం కావాలమ్మా? ఈ సూది గురించి ఏం విన్నావు?" అని అడిగి ఊరుకోండి. ఈ ఊరుకోవడమే మనకు కష్టం!

అప్పుడు అసలు భయం బయటికొస్తుంది. "ముట్టు ఆగిపోతే చెడు రక్తం లోపలే నిలిచిపోతుందంట గదా?" అంటుంది. నవ్వకండి, కసరకండి. "రక్తం లోపల ఉండిపోతుందని నీ భయం, అంతేనా?" అని ఆమె మాటే తిరిగి అనండి. ఆమె తలూపాక చెప్పండి: ఈ మందుకు గర్భసంచి లోపలి పొర పలచబడుతుంది. పోవలసిన రక్తమే తయారుకాదు గనుక నిలిచేదేమీ లేదు. మొదట్లో మధ్యమధ్య రక్తం కనపడవచ్చు, తర్వాత ముట్టు ఆగవచ్చు. మానేశాక గర్భం నిలవడానికి చివరి సూది నుంచి 7 నుంచి 10 నెలలు పట్టవచ్చు.

ఇవన్నీ చెబితే పారిపోతుందని కొందరంటారు. చెప్పకపోతేనే రెండో సూదికి రాదు, పైగా వీధిలో నలుగురినీ ఆపుతుంది.

1976లో టార్గెట్ల కోసం, ముఖ్యంగా ఉత్తరాదిన, బలవంతపు ఆపరేషన్లు జరిగాయి. ఆ దెబ్బకు 1977లో 'కుటుంబ నియంత్రణ' పేరే 'కుటుంబ సంక్షేమం'గా మారింది. 1996లో దేశమంతటా టార్గెట్లు ఎత్తివేశారు. కాగితం మీద ఎత్తేసినంత సులభంగా మన నాలుక మీద నుంచి పోవు.

ఆమె సరేనంటే, మొదటి సూదికి ముందు డాక్టరుగారికి చూపించండి. విన్నది ఆమె చేతనే చెప్పించుకోండి. వచ్చే తేదీ కార్డు మీద రాసివ్వండి. నాలుగు వారాలు ఆలస్యమైనా రావచ్చని చెప్పండి. "ఆలోచించుకుంటాను" అంటే, అందాకా నిరోధ్ ఇచ్చి పంపండి. బయట అత్తగారు అడిగితే మీరు జవాబు చెప్పకండి. ఏం చెప్పాలో కోడలు చెప్పుకుంటుంది.