పరదేశమున తొలిదినము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



చదువుకొరకు బిడ్డలను పరదేశమునకు సాగనంపుట నేడు మన పల్లెలకు క్రొత్తగాదు. ప్రయాణపు ఖర్చులు, కాలేజీ జీతములు, పెట్టెల బరువు ఇంటిల్లిపాదియు లెక్కించెదరు. అచ్చట అడుగిడిన తొలిదినము ఎట్లుండునో మాత్రము చెప్పువారు తక్కువ. కావున ఒక విద్యార్థి తొలిదినమును గూర్చి ముచ్చటించెదను. ఆయన పోరుబందరున జన్మించిన మోహనదాసు కరంచందు గాంధి. ఆ దినమును తమ ఆత్మకథలో దాపరికము లేక వర్ణించిరి.

1888వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన ఆయన బొంబాయిలో ఓడ నెక్కిరి. అప్పటికి పందొమ్మిదేండ్లు నిండలేదు. ఇంగ్లీషు మాటలాడుటకు జంకు. కత్తి, ముల్లుగరిటెలతో భుజించుట తెలియదు. ఏ పదార్థమున మాంసము లేదో అడుగుటకు ధైర్యము చాలదు. ఇంటినుండి తెచ్చుకొన్న మిఠాయిలు, పండ్లతోనే తమ గదిలో ఆకలి తీర్చుకొనిరి.

ఓడలో నల్లదుస్తులు ధరించి, తెల్లని ఫ్లానెలు దుస్తులను దిగునాటికని దాచుకొనిరి. సెప్టెంబరు చివర దిగి చూడగా అట్టి దుస్తులలో నున్నవారు తామొక్కరే! పెట్టెలు, తాళపుచెవులు సామాను చేరవేయు ఏజెంట్ల వశమైనవి. మరునాడు ఆదివారము, సామాను రాదు. సిగ్గును దిగమ్రింగుకొని ఆ దుస్తులతోనే లండనులోని విక్టోరియా హోటలునకు చేరిరి.

ఆ రాత్రి ఎనిమిది గంటలకు డాక్టరు ప్రాణజీవన మెహతాగారు చూడవచ్చిరి. వారి పొడుగు టోపీ నునుపునకు ముచ్చటపడి గాంధీజీ దానిని ఎదురు నిమిరిరి, నూగు చెదరినది. మెహతాగారు వారించి, అప్పుడే కొన్ని మర్యాదలు నేర్పిరి. ఇతరుల వస్తువులను తాకరాదు. తొలి పరిచయముననే మన దేశమునందువలె ప్రశ్నలు వేయరాదు. బిగ్గరగా మాటలాడరాదు. మాటమాటకు ‘సర్’ అనరాదు; అట్లు సేవకులు యజమానులను పిలిచెదరు.

ఊరు, పేరు, బంధుత్వము అడుగుట మనకు ఆదరణ. అచ్చట అది మోటుతనము. ఇందు పిల్లవాని దోషమేమియు లేదు, మారినది ఊరు. ఇట్టివి నేర్చుకొనుట నామోషీ గాదు.

హోటలు బిల్లు 3 పౌనులైనది. ఒక పదార్థము రుచింపక వేరొకటి తెప్పించుకొనగా రెంటికిని చెల్లింపవలసివచ్చెను. ఆకలి మాత్రము తీరలేదు. పిదప అద్దెగదులకు మారినను బెంగ విడువలేదు. రాత్రులందు తల్లి తలపునకు వచ్చి కన్నీరు ధారగా కారెడిది. మనుష్యులు, ఆచారములు, ఇండ్లు సమస్తమును క్రొత్త. ఉండలేరు, తిరిగి పోనూలేరు.

మద్యము, మాంసము, పరస్త్రీలను ముట్టనని బయలుదేరునపుడు తల్లి పుత్లీబాయికి మాట యిచ్చియుండిరి. మాంసము తినుమని మిత్రుడొకడు పోరినను వినలేదు. కడుపు నిండని దినములు గడిపి, తుదకు ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార భోజనశాలను కనుగొనిరి. అచ్చట అమ్మకమునకుంచిన హెన్రీ సాల్టుగారి శాకాహార గ్రంథమును ఒక షిల్లింగునకు కొని ఆమూలాగ్రము చదివిరి. అంతవరకు తల్లికొరకు పాటించిన నియమము, ఆ పుస్తకము చదివిన నాటినుండి తమ సొంత నిశ్చయమైనదని వ్రాసికొనిరి.

దుస్తులు, సంబోధనలు మార్చుకొనదగినవి. ఇచ్చిన మాట నిలుపుకొనదగినది. ఈ భేదమును బిడ్డలకు మనము ముందే తెలుపవలెను.

నేడు ఫోనులో తల్లి ముఖము కనబడుచున్నది. అయినను ఆకలిని, సిగ్గును బిడ్డ ఒంటరిగనే భరింపవలయును. ‘బాగున్నాను’ అన్నంతమాత్రమున ఊరకుండక, ఏమి తింటివి, ఎవరితో మాటలాడితివి అని అడుగుడు. ముందే వెళ్లి స్థిరపడిన మనవారు మెహతాగారివలె తొలి సాయంకాలమే క్రొత్తవారిని పోయి చూడవలెను.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు పుస్తకములను అందించుచున్నది. ఈ రజతోత్సవ సమయమున ఒక విన్నపము. పరదేశమునకు పోయిన మన గ్రామ విద్యార్థులు తమ తొలిదినమును గూర్చి తలకొక జాబు వ్రాసి ఇచటికి పంపవలెను. ఏమి తెలియక ఇబ్బందిపడిరో, ఎవరు ఆదుకొనిరో, ఎంత ఖర్చైనదో అందు వ్రాయవలెను. ఆ జాబులను కుట్టించి, ఆత్మకథ ప్రక్కన బీరువాలో నుంచుడు. రేపు బయలుదేరు బిడ్డ వానిని చదివి పోవును.