ప్లాంటు ఆగినా చర్య ఆగదు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మనం ఇక్కడ చదువుకున్న రెండు పాఠాల గురించి మాట్లాడతాను. ఒకటి, చర్యలో శక్తి మార్పు. రెండోది, చర్యా వేగం. పరీక్షలో ఇవి వేర్వేరు ప్రశ్నలు. ఫ్యాక్టరీలో మాత్రం రెండూ కలిసే వస్తాయి.

కాల్చిన సున్నంలో నీళ్లు పోస్తే బుసబుస పొంగి, చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. ఇనుప గేటు తుప్పు పట్టేటప్పుడు కూడా వేడి పుడుతుంది. అయితే అది ఏళ్ల తరబడి సాగుతుంది కనుక మనకు తెలియదు. ఎంత వేడి వస్తుందన్నది ఒక లెక్క, ఎంత త్వరగా వస్తుందన్నది ఇంకో లెక్క.

వంటింట్లో గ్యాసు, గాలి కలిసినంత మాత్రాన మండవు, నిప్పురవ్వ కావాలి. దాటాల్సిన ఆ గడపనే ఉత్తేజన శక్తి అంటాం. ఉష్ణోగ్రత పెరిగితే గడప దాటే అణువులు ఎక్కువవుతాయి. 1889లో స్వీడన్ శాస్త్రవేత్త అర్హీనియస్ దీన్ని సూత్రంగా వివరించాడు. చాలా చర్యల్లో 10 డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుంది.

ఇప్పుడు రెండు పాఠాలూ కలపండి. ఉష్ణమోచక చర్యలో పుట్టిన వేడి బయటికి పోకపోతే వేగం పెరుగుతుంది. వేగం పెరిగితే ఇంకా వేడి పుడుతుంది. పాత్ర పొడవు, వెడల్పు, ఎత్తు రెట్టింపైతే అందులో వేడి పుట్టించే సరుకు 8 రెట్లవుతుంది. వేడిని బయటికి వదిలే ఉపరితలం మాత్రం 4 రెట్లే. గ్లాసులో చల్లగా ఉన్నది ట్యాంకులోనూ చల్లగా ఉంటుందని అనుకోకూడదు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో జరిగింది ఇదే. లాక్‌డౌన్‌లో ప్లాంటు ఆగింది, కానీ ట్యాంకులో స్టైరీన్ ఉంది. స్టైరీన్ అణువులు ఒకదానితో ఒకటి కలిసి పాలిస్టైరీన్ అవుతూ వేడిని వదులుతాయి. మామూలు ఉష్ణోగ్రతలో ఇది చాలా నెమ్మది. అందుకే నిరోధకం కలిపి, చల్లగా ఉంచి నిల్వ చేస్తారు. నిరోధకం కాలం గడిచేకొద్దీ ఖర్చయిపోతుంది. ట్యాంకు పైభాగంలో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు లేదని విచారణలో తేలింది. లోపల వేడి, వేగం ఒకదాన్నొకటి పెంచుకున్నాయి. ఆవిరి నిద్రపోతున్న ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు.

మనలో చాలామంది మందుల కంపెనీల్లో, రసాయన పరిశ్రమల్లో పనిచేస్తున్నారు. "ప్లాంటు ఆపేశాం" అని రాసి సంతకం పెట్టే ముందు, "చర్య కూడా ఆగిందా? ఉష్ణోగ్రత ఎక్కడ కొలిచారు?" అని అడగండి.

సంఘానికి ఒక విన్నపం. మన బడి ప్రయోగశాలలో ప్రతి బల్లకూ ఒక థర్మామీటరు, ఒక స్టాప్‌వాచ్ ఇద్దాం. మెగ్నీషియం ముక్క సజల ఆమ్లంలో ఎన్ని సెకన్లలో కరిగిందో, ద్రావణం ఎన్ని డిగ్రీలు వేడెక్కిందో పిల్లలు ఒకే ప్రయోగంలో కొలవాలి. ఆ రెండు అంకెలూ ఒకే పేజీలో పక్కపక్కన రాసుకుంటే, వాటి సంబంధం వాళ్లకు జీవితాంతం గుర్తుంటుంది.