పలక మీద తప్పు, ప్రాణం మీద తప్పు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్లం. తెలుగులో ప్రసంగమంటే కాస్త బెదురే. మాట దొర్లితే మన్నించగలరు. ఈనాడు మేము ఎత్తుకున్న విషయం కాన్పు. “మాష్టారుకి కాన్పుల సంగతి ఎందుకయ్యా?” అని మీకు అనిపించవచ్చును. మనవి చేస్తాము.

కొన్నేళ్ల క్రితం మా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట కాన్పు అయింది. బిడ్డ క్షేమం. తల్లికి మాత్రం రక్తం ఆగలేదు. మేము వరండాలో నిలబడి ఉన్నాము. లోపల మనుషులకు కొదవ లేదు, మందులకూ కొదవ లేదు. గాని ఒకే ఇంజెక్షన్ కోసం ఇద్దరు పరుగెత్తారు. రక్తం కోసం ఫోన్ చేయవలసినది ఎవరో ఎవరికీ తెలియదు. “సూది వేశారా?” అని ఒకరంటే, “వేసే ఉంటారు” అని ఇంకొకరు. అల్లా దయవల్ల అమ్మాయి పెద్దాసుపత్రికి చేరి బతికింది. ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు. అందరూ కష్టపడ్డారు. కలిసి పనిచేయడం మాత్రం వారికి ఎవరూ నేర్పలేదు.

మన మార్కాపురం పేరు చెబితే పలకలు గుర్తుకొస్తాయి. పిల్లవాడు అలిఫ్ వంకరగా రాస్తే తుడిచి మళ్లీ రాయిస్తాము. పది తప్పులు పలక మీద పోతేనే కాగితం మీద అక్షరం నిలబడుతుంది. మరి కాన్పు గదిలో పనిచేసేవారికి ఆ పలక ఏది? తల్లి ఒంటి మీద తప్పు చేసి తుడిచివేయలేము గదా!

ఆ పలకే బొమ్మ. ఫ్రాన్సు దేశంలో దు కుద్రే అనే మంత్రసాని 1759లో రాజుగారి ఆజ్ఞాపత్రం పొంది, గుడ్డతో కుట్టిన బొమ్మతో ఊరూరా తిరిగి పల్లె స్త్రీలకు కాన్పు నేర్పింది. ఈనాడు నార్వే వారి ‘మామా నటాలీ’ అనే బొమ్మ ఉన్నది. శిక్షకురాలు దానిని నడుముకు కట్టుకొని తల్లిగా నటిస్తుంది. బిడ్డ బయటికి వస్తుంది, ఉత్తుత్తి రక్తం కారుతుంది. అప్పుడు ఒకరు గర్భసంచిని మర్దన చేయాలి, ఒకరు ఆక్సిటోసిన్ ఇవ్వాలి, ఒకరు సెలైన్ పెట్టాలి, ఒకరు టైము రాయాలి. చెప్పిన మాటను విన్నవారు తిరిగి పలకాలి; పని కాగానే “వేశాను” అని గట్టిగా చెప్పాలి. చివర అందరూ కూర్చొని, తిట్టుకోకుండా, ఎక్కడ తడబడ్డామో మాట్లాడుకోవాలి. డాక్టరమ్మకు ఆయమ్మ కూడా తప్పు చెప్పగలగాలి. అదే అసలు పాఠం.

ఇది ఆట కాదు. ఆఫ్రికాలో 4 దేశాల్లో 80 ఆసుపత్రుల్లో జరిపిన పరిశోధన 2023లో వెలువడింది. కారిన రక్తాన్ని గీతలున్న సంచిలో కొలిచి, చేయవలసిన చికిత్సలన్నీ ఒక్కసారిగా మొదలుపెట్టేలా సిబ్బందికి వారి ఆసుపత్రిలోనే శిక్షణ ఇచ్చారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల కడుపు కోసే ఆపరేషన్, మరణం, ఈ మూడూ కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి.

మన దగ్గరా ప్రయత్నాలు లేకపోలేదు. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుంచి మిడ్‌వైఫ్‌లను తయారు చేస్తున్నది. వారి సాయంతో 2017లో తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల శిక్షణ మొదలుపెట్టింది. కాన్పు గదుల నాణ్యత కోసం కేంద్ర ప్రభుత్వం 2017లోనే ‘లక్ష్య’ పథకం తెచ్చింది. 2018–20 లెక్కల్లో ప్రతి లక్ష సజీవ జననాలకు దేశంలో 97 మంది తల్లులు చనిపోతే, ఆంధ్రప్రదేశ్‌లో 45 మంది. మెరుగే. గాని ఆ 45 మందిలో ప్రతి ఒక్కరూ ఒక ఇంటి దీపం.

మన సంగతి చూడండి. గిద్దలూరు నుంచి నంద్యాల పోవాలంటే నల్లమల కనుమ దాటాలి. ఒంగోలు మార్కాపురానికే దూరం, గిద్దలూరుకు ఇంకా దూరం. రక్తం కారుతున్న తల్లికి అంత వ్యవధి ఉండదు. మొదటి పది నిమిషాలు కంభంలోనో, గిద్దలూరులోనో, యర్రగొండపాలెంలోనో గడవవలసిందే. అంచేత చిన్న ఆసుపత్రికే ఈ సాధన ఎక్కువ అవసరం.

సంఘానికి మా మనవి మూడు. ఒకటి, మన ప్రాంతపు ఆసుపత్రుల వారిని మర్యాదగా కలిసి, నెలకొక అరగంట కాన్పు గదిలోనే ఇటువంటి సాధన జరపమని కోరుదాం. రెండు, రక్తమివ్వగల మన యువకుల పేర్లు, గ్రూపులు రాసి పెట్టుకుందాం. కుటుంబం కూడా ఆ జట్టులోదే. మూడు, మన ఆడపిల్లలను నర్సింగుకు పంపుదాం. నొప్పుల్లో ఉన్న తల్లికి “డరో మత్ బేటీ” అని తన మాటలో చెప్పే మనిషి పక్కన ఉంటే, అది సగం మందు.

తప్పులు చేయని మనిషి లేడు. ఆ తప్పులన్నీ పలక మీదే పోవాలని, తల్లి ఒడి చల్లగా ఉండాలని దుఆ చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.