వేసవి కోడింగుకు దరఖాస్తు

కంప్యూటరు చదివే పిల్లలున్న ఇళ్ళలో వేసవికి ముందు ‘గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్’ మాట వినిపిస్తుంటుంది. 2005లో మొదలైందిది.

ఓపెన్ సోర్స్ అంటే పిండివంట చేసి పెట్టి, చేసే విధానం కూడా అందరికీ చెప్పేయడం లాంటిది. ఎవరైనా చూడవచ్చు, బాగుచేయవచ్చు. మనం తెలుగులో చదివే వికీపీడియాను నడిపే సాఫ్ట్‌వేరు అలాంటిదే. ఈ సంస్థలు కొత్తవారికి పని అప్పగించి, నేర్పేందుకు ఒక అనుభవజ్ఞుణ్ణి తోడిస్తాయి. పని సరిగా సాగితే గూగుల్ భృతి ఇస్తుంది.

దరఖాస్తులో మార్కులకన్నా ప్రణాళిక ముఖ్యం. ఏం చేస్తారో, ఏ వారానికి ఎంత పూర్తిచేస్తారో రాయాలి. చదివి ఎంచుకునేది ఆ సంస్థలవాళ్ళే. అందుకే గడువు ముందురోజు రాసి పంపితే లాభం తక్కువ. ముందే వాళ్ళతో మాట్లాడి, చిన్న లోపం ఒకటి సరిచేసి చూపిస్తే నమ్మకం కుదురుతుంది. దరఖాస్తుకు రుసుము లేదు. డబ్బిస్తే ఇప్పిస్తామనేవారిని గుమ్మంలోంచే పంపేయండి.

ఇంకో మాట. 2022 నుంచి ఇది విద్యార్థులకే పరిమితం కాదు. 18 ఏళ్ళు నిండి, కోడింగు తెలిసి, ఓపెన్ సోర్స్‌కు కొత్తవారైతే ప్రయత్నించవచ్చు. పెళ్ళయ్యాక ఉద్యోగం మానిన కూతురూ, చంటిబిడ్డతో ఇంట్లో ఉన్న కోడలూ ఇంటినుంచే చేయవచ్చన్నమాట. 90 గంటల చిన్న పనులు కూడా ఉంటాయి.

కోడింగు మనకు రాకపోవచ్చు. రోజూ రెండు గంటలు ఆ బిడ్డను ఎత్తుకోగలం కదా! ఎంపిక కాకపోయినా, నేర్చిన పని ఎక్కడికీ పోదు. సెలవు.