నట్టు మీద కోపమొద్దు

పిస్టన్ ఎక్కడుంటుందో, లైనర్ అంటే ఏమిటో చెప్పి మీ సాయంత్రం పాడుచెయ్యను. బండల ఫ్యాక్టరీలు, టిప్పర్ల మధ్య బతికే బేతంచెర్లకు అది నేను చెప్పాలా? పాత ఇంజన్లను విప్పబోయి ఎందుకు విరగ్గొడుతున్నారో, అది మాట్లాడదాం.

ముందు మన నీళ్ల సంగతి. మన దగ్గరి బిల్లసర్గం గుహలను తొలిచింది సున్నపురాయిని కరిగించే నీళ్లే. అవే బోరు నీళ్లు తెచ్చి రేడియేటర్లో పోస్తారు. వేడెక్కేసరికి కరిగిన సున్నం బయటపడి నీటి దారుల్లో పేరుకుంటుంది. ఇంజన్ కాగిపోయి పిస్టన్ పట్టేస్తుంది. ఆపైన తుప్పు. ఇనుము తుప్పైతే రెండింతలకు పైగా చోటు కావాలి. నట్టుకూ బోల్టుకూ మధ్య ఉండేదే వెంట్రుకవాసి సందు. ఇక కదులుతుందా?

మనవాళ్లేం చేస్తారు? పానాకు పొడుగు పైపు తగిలించి ఇద్దరు వేలాడతారు. బోల్టు తెగాక, "పాతది సార్, ఇంతే" అంటారు. ఏది ఇంతే?

లాగడం కాదు, వేడి చేసి వదులు చేయాలి. నట్టుకు మంట పెట్టండి అంటే ఒక సందేహం: "ఇనుము ఉబ్బితే నట్టు రంధ్రం మూసుకుపోదా సార్?" ఎక్కడికి పోయినా ఇదే ప్రశ్న, అదీ చదువుకున్నోళ్ల నోట! ఎద్దులబండి చక్రానికి ఇనుప కట్టు వేయడం చూసినోళ్లు చేతులెత్తండి. ఆ వెనక పెద్దాయన నవ్వుతున్నాడు, ఆయనకు తెలుసు. కమ్మరి ఆ కట్టును చక్రం కన్నా కాస్త చిన్నదిగానే చేస్తాడు. పిడకలు పేర్చి కాలుస్తాడు. పట్టకార్లతో ఎత్తి తెస్తే చక్రం మీద సులువుగా కూర్చుంటుంది. నీళ్లు పోయగానే బుస్సుమని బిగుసుకుంటుంది, ఆకులన్నీ కిర్రుమంటాయి. కాలిస్తే రంధ్రం చిన్నదయ్యేట్టయితే ఆ కట్టు ఎక్కేదా? తరతరాలుగా మన వీధుల్లో జరిగిన పని ఇది. చూసి కూడా నమ్మకపోతే ఎట్లా? 12 మిల్లీమీటర్ల నట్టును 500 డిగ్రీలు వేడెక్కిస్తే రంధ్రం సుమారు 0.07 మిల్లీమీటర్లు పెరుగుతుంది. తుప్పు పట్టు వదలడానికి అది చాలు. మంట నట్టుకే తగలాలి, బోల్టుకు కాదు. ముందుగా చుట్టూ ఉన్న డీజిల్, ఆయిల్ శుభ్రంగా తుడవండి.

అధ్యక్షులు గడియారం చూస్తున్నారు, మిగతావి గబగబా చెప్పేస్తా.

డబ్ల్యూడీ-40 అనేది 1953లో తేమను తరమడానికి పుట్టిన సరుకు, మొండి తుప్పుకు మందు కాదు. ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్, అసిటోన్ సగంసగం కలిపి రాత్రంతా నాననివ్వండి. మంట దరికి రానివ్వొద్దు. కదిలిన నట్టును ఒకేపక్క లాగొద్దు, కాస్త విప్పి కాస్త బిగించండి. స్టడ్డు తెగితే మొండానికి నట్టు వెల్డింగ్ చేయండి, సగం పని ఆ వేడే చేస్తుంది. అల్యూమినియం ఎర్రబడకుండానే 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది, హెడ్డు జాగ్రత్త. హెడ్డు బోల్టులు బయటి నుంచి లోపలికి విప్పండి. పట్టేసిన ఇంజన్ను గేరులో పెట్టి తాడుతో లాగించొద్దు, కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి.

చివరిగా ఒక్క మనవి. రేడియేటర్లో బోరు నీళ్లు మానేసి కూలెంట్ పోయండి. షెడ్డు బయట నిలిపిన ట్రాక్టర్ సైలెన్సర్ గొట్టానికి ఒక డబ్బా బోర్లించండి, వాన నీళ్లు పిస్టన్ దాకా దిగవు. ఈ రెండూ చేస్తే నా ఉపన్యాసంతో మీకు పనే ఉండదు.