బండిని నెట్టే ముందు చక్రం కింది రాయి చూద్దాం

(జహీరాబాద్‌లో తండాల యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొగుడంపల్లి, ఝరాసంగం, న్యాల్కల్, కోహీర్ దిక్కు నుంచి పనులు వదులుకొని వచ్చిన్రు. ఈరోజు నేను నినాదాలు ఇయ్యను, ఒక ప్రశ్న అడుగుత. మనం చెప్పేది మంచి మాటే గదా? ఆడపిల్లను చదివించండి, పద్దెనిమిది నిండకముందు పెళ్లి చెయ్యకండి, గ్రామసభకు రండి. తండాల ఎవ్వరూ కాదనరు. తల ఊపుతరు. అయినా పని ఎందుకు ముందుకు పోతలేదు?

దీనికి మన సంఘాల దగ్గర ఒక తయారు జవాబు ఉంది: "మనోళ్లకు చైతన్యం లేదు." అందుకే ఇంకో మీటింగ్, ఇంకో ర్యాలీ, ఇంకింత గట్టిగ మైకు. నాకు ఈ జవాబు మీద నమ్మకం లేదు. బండి కదలకపోతే ఎడ్లను కొట్టుడు ఒక పద్ధతి. దిగి చక్రం కింద రాయి ఉందేమో చూసుడు ఇంకో పద్ధతి.

కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ రెండో పద్ధతినే శాస్త్రంగా చెప్పిండు. ఆయన యూదుడు. 1933లో హిట్లర్ వచ్చినంక జర్మనీ విడిచి అమెరికా పోయిండు. వివక్ష అంటే ఏందో పుస్తకాలల్ల చదివి తెలుసుకున్న మనిషి కాదు. ఆయన చెప్పింది ఇది: ఏ పరిస్థితి అయినా ఉన్నకాడ ఉన్నదంటే, ముందుకు తోసే బలాలు, వెనక్కి పట్టే బలాలు సమానంగా ఉన్నట్టు. మార్పు కావాలంటే రెండు దారులు. తోపు పెంచాలె, లేదా పట్టు సడలించాలె. పట్టు అట్లనే ఉంచి తోపు మాత్రమే పెంచితే లోపల ఒత్తిడి పెరుగుతది, కొట్లాట పెరుగుతది.

రెండో ప్రపంచ యుద్ధం కాలంలో అమెరికాల మాంసం కొరత వచ్చింది. గుండె, మూత్రపిండాల లాంటివి వండుకోమని ప్రభుత్వం చెప్పింది. మనకు బోటి కూర అంటే పండుగ గానీ అక్కడి గృహిణులకు అది నామోషీ. లెవిన్ కొన్ని గుంపుల ఆడవాళ్లకు మంచి ఉపన్యాసం ఇప్పించిండు. ఇంకొన్ని గుంపులను కూసోబెట్టి "మీ ఇండ్లల్ల ఏం ఇబ్బంది వస్తది?" అని వాళ్లతోనే మాట్లాడించి, నిర్ణయం కూడా వాళ్లకే విడిచిపెట్టిండు. ఉపన్యాసం విన్నోళ్లల్ల కొత్తగ వండినోళ్లు నూటికి 3 మంది. మాట్లాడుకున్నోళ్లల్ల 32 మంది. ఈ లెక్క మైకు పట్టుకునే మనందరం గుర్తుపెట్టుకోవాలె.

అమెరికా దాకా ఎందుకు, మన పక్కనే పస్తాపూర్ ఉంది. 1980ల నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి ఇక్కడి మహిళా సంఘాలు పని చేస్తున్నయి. అందుల ఎక్కువమంది దళిత అక్కలు. 1983ల రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, అది చిన్న సంగతి కాదు. కానీ జొన్న, కొర్ర వెనకబడ్డయి. "జొన్నరొట్టె బలం" అని అక్కలు ఉపన్యాసాలతో ఆగలేదు. జొన్న ఎందుకు పోయిందో చూసిన్రు. భూమి పడావు పడ్డది, పెట్టుబడి లేదు, విత్తనం లేదు, రేషన్ షాపుల జొన్న దొరకదు. ఒక్కొక్క రాయి తీసిన్రు. పడావు భూమి సాగుకు అప్పు ఇచ్చి, దాన్ని గింజల రూపంల తిరిగి తీసుకున్నరు. ఆ గింజలను ఊర్లెనే దాచి పేద ఇండ్లకు తక్కువ ధరకు ఇచ్చిన్రు. విత్తనాలు ఇండ్లల్లనే భద్రం చేసిన్రు. 2008ల మాచ్‌నూర్‌లో సంగం రేడియో పెట్టి తమ యాసలనే మాట్లాడిన్రు. 2019ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది. నేర్చుకోవాల్సింది బహుమతి గురించి కాదు, రాళ్లు తీసిన వరుస గురించి.

ఇప్పుడు మన తండాకు వద్దాం. దసరా, దీపావళి దాటితే చెరకు కోతకు ఇండ్లకు తాళాలు పడతయి. బడికి పోయే బిడ్డ కూడా పోతది, లేదా తొందరగ పెళ్లయితది. ఒక కాగితం మధ్యల గీత గీయండి.

ఎడమ దిక్కు ముందుకు తోసేవి రాద్దాం. 2006 బాల్యవివాహాల నిషేధ చట్టం. కల్యాణలక్ష్మి: 2014ల 51,000 రూపాయలతో మొదలై 2018ల 1,00,116 అయింది, పద్దెనిమిది నిండితేనే వస్తది. గురుకులాలు. తండాల డిగ్రీ చదివిన ఒక అక్క. తోసేవి తక్కువేం లేవు.

కుడి దిక్కు వెనక్కి పట్టేవి. మేస్త్రీ దగ్గర ముందే తీసుకున్న అడ్వాన్స్. చంటి పిల్లను ఎవరు చూస్తరు అనే రంది. ఎదిగిన బిడ్డను ముసలి అవ్వ దగ్గర ఒక్కదాన్ని విడిచిపోవుడు ఎట్ల అనే భయం. పై తరగతి బడికి బస్సు లేకపోవుడు. ఇంకోటి, అడ్వాన్స్ జంటకు ఇంత అని ఇస్తరు. మహారాష్ట్ర బీడ్ జిల్లాల ఆ జంటను 'కోయతా' అనే పిలుస్తరు, అంటే కొడవలి. పెళ్లయితే ఇంకో కొడవలి తయారైనట్టు.

ఒక్కొక్కదానికి ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వెయ్యండి. కానీ మార్కులు మనం వెయ్యొద్దు, ఆ తల్లి వెయ్యాలె. ఆమె అడ్వాన్స్‌కు ఐదు, భయానికి ఐదు వేస్తే, "చదువు విలువ తెల్వదు" అని మనం రాసుకున్నదానికి ఒకటి కూడా రాకపోవచ్చు. మన ఉపన్యాసాలన్నీ ఆ ఒక్క మార్కు మీదనే నడుస్తున్నయి.

అడ్వాన్స్‌ను ఒక్క తండా ఒక్క ఏడాదిల ఎత్తెయ్యలేదు. భయాన్ని మాత్రం తగ్గించొచ్చు. వలసపోయే ఇండ్ల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు పెట్టే ఏర్పాటు ఉంది. మనం తాళాలు పడ్డంక పోయి అడుగుతం. జూన్‌ల బడి తెరిచినప్పుడే ఏ ఇల్లు పోతది, ఎంతమంది పిల్లలు అని జాబితా రాసి మండల విద్యాధికారికి ఇస్తే, నాలుగు నెలల టైం ఉంటది. రేపు పెళ్లి అని తెలిస్తే 1098కు ఫోన్ చెయ్యాల్సిందే, అందుల మొహమాటం లేదు. కానీ ఏడాదంతా కేసు పేరు చెప్పి బెదిరిస్తే పెళ్లి ఆగదు, చీకట్లకు పోతది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలె. వెనక్కి పట్టేవన్నీ ఒక తీరు కాదు. తల్లిది భయం, మేస్త్రీది లాభం. భయాన్ని కూసోని తీర్చాలె, లాభంతోని సంఘం పెట్టి కొట్లాడాలె. ఈ రెండూ కలిపేస్తే తల్లి మీద అరుస్తం, మేస్త్రీకి దండం పెడతం.

కాగితం ఎవరు గీస్తున్నరో కూడా చూడాలె. ఝరాసంగం, న్యాల్కల్‌లో నిమ్జ్ కోసం 12,000 ఎకరాలకు పైగా భూమి అనుకున్నరు. ఆ కాగితం ఆఫీసుల గీస్తే 'అభివృద్ధికి అడ్డం' అనే గడిలో భూమి ఇయ్యనన్న రైతే ఉంటడు. అడ్డం పడ్డోడు ప్రతిసారి తప్పు చేసినట్టు కాదు. కొన్నిసార్లు ఆ రాయే కట్టను నిలబెడతది.

చివరికి మన సంఘం. ఎన్నో ఏండ్లు "మా తండాల మా రాజ్యం" అన్నం. 2018 పంచాయతీరాజ్ చట్టంతో అయిదు వందల జనాభా దాటిన తండాలు పంచాయతీలు అయినయి, 2019 జనవరిల ఎన్నికలు జరిగినయి. లెవిన్ మాటల్ల చెప్తే గడ్డకట్టింది కరిగింది, కదిలింది. కొత్త అలవాటుగ గట్టిపడుడు మిగిలి ఉంది. స్థానిక సంస్థల్లో సగం సీట్లు ఆడవాళ్లవి. అయినా సర్పంచ్ అక్క కుర్చీ పక్కన ఆమె భర్త మాట్లాడుతడు. మీటింగ్ పొయ్యి ముట్టిచ్చే వేళకు పెడతం. గోర్ బోలి మాట్లాడే యాడీలకు తెలుగుల ఉపన్యాసం ఇస్తం. ఈ కుడి దిక్కు రాసేటప్పుడు మన పేర్లు కూడా రాయాలె.

మీ సొంత బతుకుకూ ఇదే కాగితం పనికొస్తది. గ్రూప్స్‌కు చదివే తమ్ముడికి అందరం "ఇంకింత కష్టపడు" అంటం. వాడికి కూసోని చదివే జాగ ఉన్నదా, కోచింగ్ కోసం తెచ్చిన అప్పు ఎంత అని అడిగినోళ్లు ఎందరు?

కాబట్టి నా అడుగుడు ఒక్కటే. తండాకు ఒక కాగితం, ఒక సమస్య. మార్కులు ఎవరికి బాధ ఉందో వాళ్లే వెయ్యాలె. అన్నీ వద్దు, మన చేతికి అందే ఒక్క రాయి ఎంచుకొని, అది తీసే తారీఖు కింద రాసి తీసుకురండి. వచ్చే మీటింగ్‌ల ఉపన్యాసాలు ఉండవు. ఆ కాగితాలే చదువుదాం.

జై సేవాలాల్. జై భీమ్. జోహార్.