ఊపిరికి ఆసరా, దగ్గుకు చేయూత
(రాయికోడ్‌లో జరిగిన పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను డి.ఏ. బకాయిల గురించి మాట్లాడమన్నారు. అది కార్యదర్శి గారు నాకంటె బాగా చెప్పగలరు. నేను ముప్పై ఏళ్ళు ఫైళ్ళు మోసిన గుమాస్తాను, వైద్యుణ్ణి కాను. అయినా ఈ రోజు మోటార్ న్యూరాన్ జబ్బు వచ్చినవారి ఊపిరి గురించి, దగ్గు గురించి నాలుగు మాటలు మనవి చేసుకొంటాను. మా తమ్ముడు ఈ జబ్బుతో అయిదేళ్ళు బతికి, 2022లో పోయాడు. ఆ అయిదేళ్ళలో మా ఇంటిల్లిపాదీ నేర్చిన విద్య మా ఇంట్లోనే ఉండిపోకూడదని నా కోరిక.

మెదడు నుండి, వెన్నుపాము నుండి కండరాలకు ఆజ్ఞలు మోసే నరాల కణాలు ఒక్కొక్కటే చచ్చిపోవడం ఈ జబ్బు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో 1869లో దీన్ని వివరించాడు. మన దక్షిణాదిలో పిన్న వయసు వారికి వచ్చే ఒక రకం ఉంది. ముఖం, నాలుక బలహీనపడి చెవుడు కూడా వస్తుంది, కాని మెల్లగా సాగుతుంది. దానికి 'మద్రాసు రకం' అని పేరు. మా వాడిది ఆ రకం కాదు. శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 1963లో జబ్బు బయటపడ్డాక 2018 దాకా జీవించాడని అందరూ ధైర్యం చెబుతారు. అలాంటివారు చాలా అరుదు. ఎక్కువమందికి మూడు నుండి అయిదేళ్ళే.

మా తమ్ముడు రైతు. 2017లో పత్తి ఏరుతుంటే చేతి పట్టు తప్పింది. తరువాత కాలు ఈడ్చాడు. అదంతా వదిలేస్తాను. ఊపిరి సంగతి 2019లో మొదలైంది, అదీ మేమనుకొన్నట్లు ఆయాసంతో కాదు. పొద్దున లేస్తే తలనొప్పి. పగలంతా కునుకు. రాత్రి నిద్ర పట్టదు. "అన్నా, వెల్లకిల పండుకుంటే ఊపిరి ఆడుతలేదు, కూసుంటే మంచిగుంటది" అన్నాడు. ఈ నాలుగు గుర్తులూ మీరు జ్ఞాపకం పెట్టుకోవాలి. ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్ అనే కండరం నీరసించిందని వాటి అర్థం.

ఇక్కడొక తేడా గ్రహించాలి. ఈ జబ్బులో ఊపిరితిత్తులు మంచివే. బోరులో నీళ్ళున్నా మోటారు ఎత్తలేకపోతే పొలం ఎండుతుంది కదా, అదే సంగతి. గాలి పూర్తిగా లోపలికి పోదు, చెడు గాలి పూర్తిగా బయటకు రాదు. కార్బన్ డయాక్సైడు రక్తంలో పేరుకొంటుంది. తలనొప్పి, మత్తు దానివల్లనే.

ఒక రాత్రి ఆయాసం ఎక్కువైతే దగ్గరలో ఉన్న ఒక నర్సింగ్ హోముకు తీసుకుపోయాము. వారు ఆక్సిజన్ పెట్టి వదిలేశారు. వేలికి పెట్టిన మీటరులో అంకె బాగుంది, మనిషి మాత్రం మత్తులోకి జారిపోయాడు. తెల్లవారుజామున అంబులెన్సులో హైదరాబాదుకు తరలించాము. రక్తంలో వాయువుల పరీక్ష చేసి అక్కడి డాక్టరు గారు చెప్పింది, ఊపిరి పంపు పనిచేయనివారికి ఉత్త ఆక్సిజన్ ఇస్తే కార్బన్ డయాక్సైడు ఇంకా పెరిగి ప్రమాదం కావచ్చునని. కరోనా తరువాత ఇంటింటా వేలి మీటర్లున్నాయి. అది ఆక్సిజనును మాత్రమే చూపుతుంది. ఈ రోగిని ఏ ఆసుపత్రికి తీసుకుపోయినా "మోటార్ న్యూరాన్ జబ్బు, కార్బన్ డయాక్సైడు చూడండి" అని ముందే చెప్పాలి. మేము ఒక అట్ట మీద రాసి మంచానికి కట్టాము. గుమాస్తా బుద్ధి!

ఆ రోజే బైపాప్ యంత్రం పెట్టారు. మాస్కు ద్వారా పీల్చేటప్పుడు గాలిని ఎక్కువ ఒత్తిడితో నెట్టి, విడిచేటప్పుడు తగ్గిస్తుంది. ఇది జబ్బును నయం చేయదు. ఇంగ్లండులోని న్యూకాసిల్ వైద్యులు 2006లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, గొంతు కండరాలు మరీ దెబ్బతినని వారికి దీనివల్ల ఆయుష్షు సుమారు 205 రోజులు పెరిగింది. రెండు వందల రోజులేనా అనిపిస్తుంది. ఆ రోజుల్లోనే మా వాడు కూతురు పెండ్లి చూశాడు. మొదటి వారం మాస్కు పీకేసేవాడు. మరదలు పగటిపూట టీవీ ముందు అరగంట, గంట పెట్టి అలవాటు చేసింది. కరెంటు పోతే ఎట్లా అని ఇన్వర్టరు బిగించాము. ఇది లేకుండా యంత్రం తెచ్చుకోవద్దు.

ఇక దగ్గు. దగ్గడానికి మూడు పనులు జరగాలి. నిండా గాలి పీల్చాలి, గొంతు బిగించాలి, పొట్ట కండరాలు ఒక్క తోపు తోయాలి. ఈ జబ్బులో మూడూ పోతాయి. ఆరోగ్యవంతుడి దగ్గులో గాలి నిమిషానికి 360 లీటర్లకు మించిన వేగంతో వస్తుంది. 270కి దిగితే సాయం కావాలి, 160కి దిగితే కఫం ఇక కదలదు. కఫం నిలిస్తే న్యుమోనియా. చాలామందిని తీసుకుపోయేది అదే.

ఫిజియోథెరపీ అమ్మాయి మాకు నేర్పిన పద్ధతి చెబుతాను. రోగిని నిటారుగా కూర్చోబెట్టాలి. అంబు బ్యాగుకు ఒకవైపు వాల్వు, మాస్కు తగిలించి, అతను పీల్చేటప్పుడే మెల్లగా పిండాలి. ఆ గాలిని వదలకుండా దానిమీద ఇంకొకటి, మరొకటి. ఛాతీ నిండిందని కంటితో సైగ చేస్తాడు. అప్పుడు పక్కటెముకల కింద, పొట్ట పైభాగాన రెండు అరచేతులు ఆన్చి, "ఊఁ, దగ్గు" అని అతను దగ్గే క్షణానికే లోపలికీ పైకీ నొక్కాలి. చేతికీ దగ్గుకూ తాళం కలవాలి. నా మనుమడికి రెండు రోజుల్లో వచ్చింది, నాకు నెల పట్టింది. తిన్న వెంటనే చేయరాదు. ఊపిరితిత్తికి చిల్లు పడిన చరిత్ర ఉన్నవారికి అసలు చేయరాదు. డాక్టరు చూడకుండా నా మాట విని మొదలుపెట్టవద్దని చేతులు జోడించి చెబుతున్నాను.

గొంతు బిగించలేని దశ వచ్చాక ఈ పద్ధతి సాగదు. అప్పుడు గాలి నింపి, వెంటనే వెనక్కు లాగే దగ్గు యంత్రం ఉంది. ఖరీదు ఎక్కువ. మేము కొనలేదు, ఆసుపత్రిలోనే వాడించాము. బెలూన్లు ఊదించడం, మూడు బంతుల డబ్బాతో అలిసేదాకా పీల్పించడం చుట్టాల సలహాలు. నరం అందని కండరానికి కసరత్తుతో బలం రాదు, అలసటే మిగులుతుంది.

చివరి మాట కష్టమైనది. గొంతుకు రంధ్రం చేసి ట్యూబు వేసే విషయం ముందే మాట్లాడుకోవాలి, ఆయాసం వచ్చిన రాత్రి కాదు. హాకింగుకు 1985లో వేశారు, మాట పోయింది. మా తమ్ముణ్ణి అడిగితే, అక్షరాల పలక మీద కంటితో చూపి "వద్దు, ఇంట్లోనే" అన్నాడు. మరదలు మూడు రోజులు అన్నం ముట్టలేదు. తరువాత ఒప్పుకొంది. అతని మాటే జరిగింది, ఇంట్లోనే, మాస్కుతోనే.

మెడికల్ రీయింబర్స్‌మెంటు అర్హత ఉన్నవారు ప్రతి బిల్లూ, ఎసెన్షియాలిటీ సర్టిఫికెట్టూ అదే వారంలో తీసుకోండి. ఆరు నెలల తరువాత ఎవరూ సంతకం చేయరు, నా అనుభవం.

ఆ బైపాప్ యంత్రం, ఇన్వర్టరు మా ఇంట్లో ఉన్నాయి. అవసరమైనవారు డాక్టరు రాసిన చీటీ తెస్తే ఇస్తాను. మాస్కు, గొట్టం మాత్రం కొత్తవి కొనుక్కోవాలి, ఒత్తిడి కొలతలు డాక్టరే మార్చాలి. అంబు బ్యాగుతో ఎలా చేయాలో చూపడానికి నా మనుమడు ఆదివారాల్లో వస్తానన్నాడు.